వ్రాయువారు, వినువారు: ఆంధ్రేతర ప్రాంతములందలి తెలుగువారి స్వానుభవ వచనమునకు గోష్ఠి చేసిన మేలు

తెలుగు పద్యమునకు సభ యుండెను. తెలుగు కీర్తనకు శిష్యకోటి యుండెను. కాని ఒక సామాన్య గృహస్థు తాను చూచినదానిని, తాను పడిన కష్టమును, తనకు తోచిన యాలోచనను తన మాటలలో చెప్పుకొను వచనమునకు మాత్రము చిరకాలము సభయు లేదు, శిష్యులును లేరు. అందువలననే మన సాహిత్య చరిత్రలో కావ్యములు వందలుగా నుండగా, స్వానుభవమును చెప్పు గద్యరచనలు పందొమ్మిదవ శతాబ్దికి పూర్వము మిక్కిలి యరుదుగా కనబడుచున్నవి.

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన తెలుగువారి చరిత్రయు ఇందుకు భిన్నము కాదు. తంజావూరున విజయరాఘవ నాయకుని యాస్థానమున రంగాజమ్మవంటి విదుషి కావ్యమును, యక్షగానమును రచించినది. ఆమెకు వినువారుండిరి, మెచ్చువారుండిరి. తిరువయ్యూరున త్యాగరాజస్వామి (1767–1847) పాడిన కీర్తనలు నేటికిని నిలిచినవన్నచో, వాలాజాపేట వేంకటరమణ భాగవతులవంటి శిష్యులు వానిని విని, నేర్చి, వ్రాసి దాచుటయే కారణము. కాని ఆ కాలముననే మగ్గముపై బ్రతికిన తెలుగు నేతగాడును, తిరునల్వేలి సీమలో నల్లరేగడి నేలను సాగుచేసిన తెలుగు రైతును తమ బ్రతుకును గూర్చి వ్రాసికొన్న పుటలు మనకు చిక్కుట దుర్లభము. రాజుల చరిత్ర శాసనములలో నిలిచినది. గృహస్థుల చరిత్ర నోటిమాటలోనే యుండి, ఆ నోటితోనే పోయినది.

ఈ లోటునకు చదువు లేకపోవుట యొక్కటియే కారణమని చెప్పుట చాలదు. చదువు వచ్చినవారు సయితము తమ్ము గూర్చి వ్రాయలేదు. ఏలయన, వ్రాసినదానిని ఆసక్తితో వినువాడు వారికి లేడు. స్వానుభవ వచనము మన భాషలో ఎక్కడెక్కడ తలయెత్తినదో పరిశీలించినచో, అక్కడక్కడ వ్రాయువాని ప్రక్కన ఒక సహృదయుడగు మిత్రుడో, ఒక చిన్న గోష్ఠియో తప్పక కనబడును. మఱియొక విశేషమేమన, అట్టి తావులలో పెక్కులు నేటి తెలుగు రాష్ట్రముల యెల్లలకు వెలుపలనే యున్నవి. చెన్నపట్టణము, నాగపూరు, పర్లాకిమిడి ఇందుకు నిదర్శనములు.

చెన్నపట్టణము: ఒక మిత్రుని కొరకు వ్రాసిన గ్రంథము

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసిన తెలుగు గృహస్థు. ఆయన 1830వ సంవత్సరము మే 18వ తేదీన పరివారముతో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తాలను చూచి, జగన్నాథమును సేవించి, గంజాం సీమ దాటి సముద్రతీరపు మార్గమున వెనుకకు వచ్చిరి. రైలు లేని కాలమది. పల్లకీలును బోయీలును గతి.

ఈ పదునైదు మాసముల యాత్రను ఆయన దినదినమును వ్రాసియుంచిరి. ఏ యూరికి ఏ యూరు ఎంత దూరము, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ దిగుటకు సత్రమున్నది, ఎక్కడ అంగళ్ళు కలవు, ఏ దేశమున ప్రజల నడవడి యెట్టిది, ఏ క్షేత్రమున పూజారులు యాత్రికులను ఎట్లు చూచుచున్నారు అను సంగతులన్నియు అందులో కలవు. కాని ఈ గ్రంథము పండిత సభ కొరకు పుట్టినది కాదు. చెన్నపట్టణముననే యున్న తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి వీరాస్వామయ్యగారు దారిపొడవున వ్రాసి పంపిన వృత్తాంతమే 'కాశీయాత్ర చరిత్ర' యైనది. వీరాస్వామయ్యగారు 1836లో స్వర్గస్థులైరి. 1838లో గ్రంథమును అచ్చువేయించినవారు ఆ శ్రీనివాసపిళ్ళెగారే. అటుపిమ్మట 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించుటచే అది మన తరములకు అందినది.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. వీరాస్వామయ్యగారు ప్రబంధ శైలిని ఆశ్రయింపలేదు. చెన్నపట్టణపు తెలుగువారి యిండ్లలోను కచేరీలలోను పలుకు మాటలే వారి వ్రాతలో నిండియున్నవి. పండితుల మెప్పును కోరినచో ఆ భాషలో వ్రాయుటకు ఆయన సాహసించి యుండరేమో. చదువువాడు తన మిత్రుడని తెలిసినందుననే ఆయనకు ఆ స్వేచ్ఛ కలిగినది. చెప్పినది స్పష్టముగా నుండవలెననెడి బాధ్యతయు ఆ మిత్రుని వలననే కలిగినది. దూరమున నున్నవాడు తాను చూడని యూరిని మనస్సున చూడవలెనన్నచో, క్రోసుల లెక్కయు నీటి రుచియు సరిగా చెప్పక తప్పదు గదా! స్వేచ్ఛ, బాధ్యత అను రెంటిని ఒక్కమారుగా నిచ్చువాడే మంచి పాఠకుడు. తెలుగులో స్వానుభవ గద్యమునకు తొలిదశలోనే అట్టి పాఠకుడు దొరకుట మన భాగ్యము.

నాగపూరు: అక్కయు తమ్ముడును

చెన్నపట్టణమున మిత్రుడు చేసిన పనిని అరువది డెబ్బది యేండ్ల తరువాత మధ్యపరగణాలలో ఒక కుటుంబము చేసినది. భండారు అచ్చమాంబగారు (1874–1905) కృష్ణాజిల్లా నందిగామలో జన్మించి, పెండ్లియైన పిమ్మట భర్త యుద్యోగ కారణమున ఆ సీమకు పోయిరి. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు (1877–1923) అక్క యింట నుండి నాగపూరులో చదివిరి. ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ఆమెయు అతనితోపాటు చదివినది. తెలుగు, హిందీలు నేర్చి, చుట్టునున్న యితర భాషలలో సయితము ప్రవేశము సంపాదించినది. మరాఠీ వినబడు సీమలో, తెలుగు పుస్తకము దొరకుటయే కష్టమగు చోట, ఆ యింటిలో ఇద్దరు చదువరులున్నందున తెలుగు వ్రాత బ్రతికినది.

అచ్చమాంబగారి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'చింతామణి' పక్షమున వెలువడినది. దూరదేశమున నున్న స్త్రీ వ్రాసినదానిని ఆదరించి అచ్చువేయుటకు ఒక పెద్దదిక్కు దొరకినదన్నమాట. ఆమె అంతటితో తృప్తి పడలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. ఆ సంవత్సరముననే ఏలూరునుండి సత్తిరాజు సీతారామయ్యగారి 'హిందూసుందరి' పత్రిక వెలువడసాగెను. సమాజమున చదివిన యుపన్యాసము పత్రికలో వ్యాసమగుటయు, పత్రికలోని వ్యాసమును విని మఱియొక సమాజమున మఱియొక స్త్రీ కలము పట్టుటయు ఆ కాలమున సాగిన పద్ధతి. ఇంటి గడప దాటి యెరుగని స్త్రీలు తమ యభిప్రాయములను తమ పేరుతో అచ్చులో చూచుకొనగలుగుటకు, ముందుగా పదిమంది తోడి స్త్రీల యెదుట చదివి చూపు ధైర్యము వారికి చిక్కుటయే కారణము. తన బిడ్డలను పసితనముననే పోగొట్టుకొన్న ఆ యిల్లాలు తోడి స్త్రీలకు అక్షరమును అందించుటయే తన పనిగా పెట్టుకొని, ముప్పదియొక్క యేండ్ల వయస్సు నిండకముందే కీర్తిశేషురాలైనది.

లండను పత్రిక, ఫిలడెల్ఫియా గోష్ఠి

మిత్రుడును కుటుంబమును చేయు మేలు యాదృచ్ఛికము. అట్టి మేలును ఒక నియమముగా, ఒక సంస్థగా నెలకొల్పవచ్చునా యను ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో సముద్రమునకు ఆవల నొక యుదాహరణమును చూడవలసియున్నది. మన 'సాక్షి' వ్యాసములకు మూలమైన ఆంగ్ల పత్రికతోనే ఆ కథయు మొదలగుచున్నది.

అడిసన్, స్టీల్ అను నిద్దరు మిత్రులు 1711 మార్చి 1వ తేదీన లండనులో 'స్పెక్టేటర్' అను దినపత్రికను ప్రారంభించిరి. 1712 డిసెంబరు 6వ తేదీ వరకు 555 సంచికలు వెలువడెను. ఒక్కొక్క సంచికకు ఒక్కొక్క వ్యాసము. లోకమును మౌనముగా గమనించు ఒక వ్యక్తియు, అతని చుట్టు కొందరు మిత్రులుగల ఒక కల్పిత గోష్ఠియు ఆ వ్యాసములకు ఆధారము. పాఠకులు వ్రాసిన లేఖలకు సయితము అందు చోటుండెను. తరువాతి పత్రికయగు 'గార్డియన్' కొరకు అడిసన్ ఒక కాఫీశాలలో సింహము తల యాకారమున ఒక పెట్టెను పెట్టించగా, జనులు తమ వ్రాతలను ఆ సింహము నోట వేయుచుండిరి. పాఠకుడే రచయిత యగుటకు అది దారి చూపినది.

ఆ 'స్పెక్టేటర్' సంపుటములలో నొకటి అమెరికాలోని బోస్టను నగరమున ఒక అచ్చుకూటపు కుర్రవాని చేతికి చిక్కినది. అతడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790). బడి చదువు రెండేండ్లకు మించి యెరుగడు. అంతకుముందే అతడొక స్నేహితునితో లేఖలలో వాదోపవాదములు సాగించుచుండగా, ఆ లేఖలు తండ్రి కంటబడెను. తండ్రి వాదములోని గెలుపోటముల జోలికి పోలేదు. వర్ణక్రమమున, విరామ చిహ్నములయందు కొడుకే మేలని మెచ్చి, పలుకు సొగసునందును, చెప్పు క్రమమునందును, స్పష్టతయందును అతడు వెనుకబడినాడని తగినచోట్లు చూపి చెప్పెను. మెప్పు ముందు, లోపము తరువాత, లోపమునకు నిదర్శనము. కుర్రవాడు ఆ మాట మనస్సున పెట్టుకొని 'స్పెక్టేటర్' వ్యాసములను చదివి, ఒక్కొక్క వాక్యపు భావమును పొడిమాటలలో గుర్తు వ్రాసికొని, కొన్నిదినములు ప్రక్కన నుంచి, తిరిగి తన మాటలలో వ్యాసమును పూర్తిగా వ్రాసి, మూలముతో పోల్చి దిద్దుకొనుచుండెను. పనికి ముందు తెల్లవారుజామున, పని ముగిసిన రాత్రివేళ, ఆదివారములందు ఈ యభ్యాసము సాగెను.

పదునారవ యేట అతడు ఒక విధవరాలి పేరు పెట్టుకొని వ్యాసమొకటి వ్రాసి, రాత్రివేళ అన్నగారి అచ్చుకూటపు తలుపు క్రింద త్రోసి వచ్చెను. మరునాడు అన్నయు అతని మిత్రులును దానిని చదివి మెచ్చుకొని, ఏ పండితుడు వ్రాసియుండునోయని ఊహలు చేయుచుండగా, అతడు ప్రక్కన నిలిచి వినుచుండెను. 1722లో ఆ వరుసలో పదునాలుగు లేఖలు అచ్చుపడెను. వ్రాసినవాడెవడో తెలియక చేసిన మెప్పు కనుక దానిలో ముఖప్రీతి లేదు. ఆ కుర్రవానికి అది కొండంత బలమిచ్చినది.

ఈ యనుభవము గలవాడు కనుకనే, ఫిలడెల్ఫియా నగరమున స్థిరపడిన పిదప 1727లో ఫ్రాంక్లిన్ 'జుంటో' అను చిన్న గోష్ఠిని స్థాపించెను. సభ్యులు పండ్రెండుగురకు మించరాదు. ప్రతి శుక్రవారము సాయంకాలము కూడుట. వారిలో దస్తావేజులకు నకళ్ళు వ్రాయువాడు, భూములు కొలుచువాడు, చెప్పులు కుట్టు వృత్తిలో పెరిగినవాడు, వడ్రంగి, వర్తకుని గుమాస్తా, అచ్చుకూటపు పనివారు ఉండిరి. విశ్వవిద్యాలయ పట్టములతో వారికి నిమిత్తము లేదు. ప్రతి సభ్యుడును మూడు మాసములకొకసారి తనకు నచ్చిన విషయముపై తాను స్వయముగా వ్రాసిన వ్యాసమును చదువవలెను. చర్చ సత్యాన్వేషణకే గాని గెలుపునకు కాదు. "ఇది యింతే" యని మొండిగా పలికినను, ఎదుటివానిని ముఖముమీద ఖండించినను స్వల్పమగు జుల్మానా చెల్లించవలెను. గణితమున దిట్టయగు నొక సభ్యుడు ప్రతి చిన్న మాటకును తప్పుపట్టుచుండుటచే అతనితో సంభాషణ కష్టమై, కొలదికాలముననే అతడు గోష్ఠిని విడిచిపోయెను. సూక్ష్మబుద్ధి వేరు, సహృదయత వేరు అను సంగతి ఆ చిన్న యుదంతము చెప్పకయే చెప్పుచున్నది.

ఆ గోష్ఠి సుమారు నలువది యేండ్లు నడచినది. అందు చదివిన వ్యాసములలో కొన్నిటిని ఫ్రాంక్లిన్ తన పత్రికలో తరువాత ప్రకటించెను. సభ్యులు తమ పుస్తకములను ఒకచోట చేర్చుకొన్న యాలోచననుండియే 1731లో చందాదారుల గ్రంథాలయము పుట్టినది. క్రొత్తవారు చేరగోరినపుడు సంఖ్యను పెంచక, ఒక్కొక్క సభ్యుడును తనవంతు మఱియొక చిన్న గోష్ఠిని స్థాపింపవలెనని నిర్ణయించిరి. ఫ్రాంక్లిన్ 1771లో మొదలుపెట్టిన స్వీయచరిత్ర నడుమ నిలిచిపోగా, దానిని పూర్తిచేయుమని మిత్రులిద్దరు వ్రాసిన లేఖలే ఆయనచేత 1784లో మరల కలము పట్టించినవి. ఆ లేఖలను ఆయన తన గ్రంథములోనే చేర్చుకొనెను. తోడు చేసిన మేలును రచయిత స్వయముగా గుర్తించిన తావు అది.

చెన్నపట్టణపు పత్రికలో సాక్షి సంఘము

ఆ లండను పత్రికయే రెండువందల యేండ్ల తరువాత మన దేశమున మఱియొక శాఖ వేసినది. పానుగంటి లక్ష్మీనరసింహరావుగారు (1865–1940) 1913లో 'సువర్ణలేఖ' పత్రికయందు 'సాక్షి' వ్యాసములను ప్రారంభించిరి. తరువాత అవి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'ఆంధ్రపత్రిక'లో వెలువడి తెలుగువారి నోళ్ళలో నానినవి. ఆ 'ఆంధ్రపత్రిక' 1908లో బొంబాయినగరమున వారపత్రికగా పుట్టి, 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యైనది. అనగా, తెలుగు వచనమునకు ఊపిరి పోసిన పత్రిక జన్మస్థానము నేటి మహారాష్ట్రము. పెరిగిన చోటు నేటి తమిళనాడు. 1924లో చెన్నపట్టణముననే ఆరంభమైన 'భారతి' మాసపత్రిక 1991 వరకు వ్యాసకర్తలకు నిలయమైనది.

పానుగంటివారు వ్యాసములు వ్రాయుటకు ముందుగా ఒక సంఘమును కల్పించిరి. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసుడు, బొఱ్ఱయ్యసెట్టి అను నైదుగురు అందు సభ్యులు. వారి చర్చలలోనుండియే వ్యాసము పుట్టుచుండును. జంఘాలశాస్త్రి యుపన్యసించుచుండగా సాక్షి వినును. ఒకే రచయిత తనలో వ్రాయువానిని, వినువానిని వేరుచేసి చూపుటలోని మర్మమేమి? వినువాడు లేనిదే వ్యాసమునకు ప్రాణము లేదని ఆయన గ్రహించుటయే. నిజమగు గోష్ఠి దొరకనిచో కల్పిత గోష్ఠినైన చేసికొనవలెనని ఆ మహనీయుని రచన మనకు నేర్పుచున్నది.

పర్లాకిమిడి: ఎవరి మాటలలో వ్రాయవలెను?

గోష్ఠి యెంత యనుకూలమైనను, వ్రాయువాడు తన మాట తనకే తప్పని తలచినచో నోరు విప్పజాలడు. ఈ సత్యమును బోధించినవారు నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). సవరల భాషను వారి నోట విని నేర్చిన ఆ పండితుడు, బడిపిల్లలు తమ నోట పలుకు తెలుగును విడిచి, ఎవరును పలుకని తెలుగులో వ్యాసములు వ్రాయుటకు పడుచున్న పాట్లను కన్నులార చూచెను.

1911 మొదలుకొని పాఠశాలలందును కళాశాలలందును తెలుగు వ్యాసరచన ఏ భాషలో నుండవలెననుటను గూర్చి చెన్నపట్టణమున గొప్ప వివాదము చెలరేగెను. ఆ సంవత్సరముననే అచ్చట స్థాపింపబడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికమును సమర్థించిరి. విజయనగరమున గిడుగువారితో కలిసి చదివిన గురజాడ అప్పారావుగారు 1914లో విశ్వవిద్యాలయపు ఉపసంఘమునకు తమ యసమ్మతి పత్రమును సమర్పించిరి. 1919లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగాను, గిడుగువారు కార్యదర్శిగాను వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. ఒకనాడు గ్రాంథికమునకు వ్యాకరణము వ్రాసిన పెద్ద, తన తుదిదినములలో ఈ సమాజమునకు అధ్యక్షుడగుటకు అంగీకరించుట చరిత్రలో చిన్న విషయము కాదు.

భాషావివాదములో ఎవరి పక్షము నెవరు వహించినను, ఒక్క విషయము మాత్రము నిలిచినది. ఆ వివాదమునకు మూలము కావ్యము కాదు, విద్యార్థి వ్రాయు వ్యాసము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరగా, గిడుగువారు దశాబ్దములు నివసించిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. కాని పర్లాకిమిడి, బరంపురములలోని తెలుగువారందరును అట్లు తరలిపోలేదు, పోజాలరు. వారి బిడ్డలు అచ్చటనే చదివిరి, అచ్చటనే బ్రతుకుచున్నారు. గిడుగువారు వేసిన ప్రశ్న వారికి ఇంకను సజీవముగనే యున్నది.

గోష్ఠి ధర్మములు

ఈ చరిత్రనుండి స్వానుభవ రచనకు తోడ్పడు గోష్ఠి లక్షణములను కొన్నిటిని ఏర్చి చెప్పవచ్చును.

మొదటిది, సంఖ్య చిన్నదిగా నుండవలెను. పండ్రెండుగురు కూడిన చోట ప్రతివానికి వంతు వచ్చును. వందమంది కూడిన చోట ఒకడు ఉపన్యసించును, తక్కినవారు చప్పట్లు కొట్టుదురు.

రెండవది, గడువు ఖచ్చితముగా నుండవలెను. మూడు మాసములకు ఒక వ్యాసమనిన కష్టము కాదు. ఎగవేయుటకు వీలును కాదు. తీరిక దొరికినపుడు వ్రాయుదమనుకొన్నవాని కాగితము తెల్లగనే మిగులును.

మూడవది, వినువాడు మొదట తనకు కనబడినదానిని చెప్పవలెను. "ఈ వ్యాసములో మీ తాతగారి బావి నాకు కనబడినది, బావి పూడ్చిన కారణము మాత్రము తెలియలేదు" అని యొకడు చెప్పెననుకొందము. ఆ ఒక్కమాట పది వ్యాకరణ సూత్రముల పెట్టు. వ్రాసినవాడు ఇంటికి పోయి ఆ కారణమును చేర్చును, వ్యాసము బాగుపడును. "బాగుగా నున్నది" యను మాట మర్యాదకు సరిపోవును గాని వ్యాసమునకు ఉపకరింపదు. "ఇదియు ఒక వ్రాతయేనా" యను మాట వ్యాసమును, వ్రాసినవానిని కూడ చంపును. పరస్పర స్తుతి సంఘము, పరస్పర నింద సంఘము అను రెండును గోష్ఠి కానేరవు.

నాలుగవది, ప్రాంతపు మాటను చూచి నవ్వరాదు. హోసూరు తెలుగులో కన్నడ తమిళముల నీడ యుండును. బరంపురపు తెలుగులో ఒడియా పలుకు తొంగిచూచును. యానాము పెద్దల జ్ఞాపకములలో 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలన నాటి మాటలు వినబడును. ఆ మాటలు మాలిన్యములు కావు. ఆ కుటుంబము ఏ దారిన నడచి వచ్చినదో చెప్పు గుర్తులు. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు మాటను దాచియుండినచో ఆ గ్రంథమునకు నేడున్న విలువలో సగము పోయెడిది.

ఐదవది, చదివినదానిని దాచవలెను. అచ్చువేయుటకు ధనము లేకున్న లిఖితపత్రిక చాలును. శిష్యుల వ్రాతప్రతులు త్యాగరాజ కీర్తనలను కాపాడినట్లు, గోష్ఠివారి వ్రాతప్రతి గృహస్థుల చరిత్రను కాపాడగలదు.

నేటి యవసరము

1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆయా రాష్ట్రములు తమ భాష నందరును నేర్వవలెనని కోరుటయు సహజమే. తమిళనాట 2006లోను, కర్ణాటకమున 2015లోను అట్టి శాసనములు వచ్చినవి. తాను నివసించు గడ్డ భాషను నేర్చుట తెలుగువానికి క్రొత్త కాదు. శతాబ్దములుగా అతడు రెండు మూడు భాషలతో బ్రతికినవాడే. అయినను పరీక్షలో లెక్కకు రాని భాషను వ్రాయుటకు బాలుడు శ్రద్ధ చూపడు. ఇంట తెలుగు మాటలాడును, అవ్వ చెప్పు కథను వినును. ఉత్తరము మాత్రము వేరొక భాషలో వ్రాయును. ఒక తరము గడచిన పిదప అవ్వ యుండదు. కథ యెవని చేతను వ్రాయబడి యుండదు.

బడి చేయలేని యీ పనిని గోష్ఠి చేయగలదు. దానికి ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేదు, భవనము అక్కరలేదు. సంఘ మందిరపు వసారాలో నెలకొకసారి కూడు పండ్రెండుగురు చాలుదురు. అందు ఉపాధ్యాయుడొక్కడే కాక వర్తకుడు, రైతు, వంటయింటి యిల్లాలు, పదవ తరగతి బాలుడు ఉండవలెను. అక్షరములు రాని అవ్వ చెప్పగా మనుమడు వ్రాయవచ్చును. దానివలన ఒకరి జ్ఞాపకమును మఱియొకరి చేతివ్రాతయు ఒక్కమారుగా నిలుచును. వ్రాయవలసిన విషయములకు కొదవ లేదు. కుటుంబము ఏ తరమున, ఏ కరవున, ఏ రాజు కాలమున కదలివచ్చినదని యింట చెప్పుకొందురో అది యొక వ్యాసము. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, కచేరీలో ఆంగ్లము పలుకు ఒక దినచర్య యొక వ్యాసము. పెండ్లిలో పాడు పాటలలో ఏవి మిగిలినవి, ఏవి పోయినవి అనునది మఱియొకటి.

పెద్ద సంఘములు వార్షికోత్సవములను జరుపుట మంచిదే. సన్మానములును, నాటకములును ఉండవలసినవే. కాని ఉత్సవము ముగిసిన మరునాడు మిగులునది వ్రాత యొక్కటియే. శాసనములలో రాజుల పేర్లున్నవి. జనాభా లెక్కలలో మన సంఖ్య యున్నది. ఆ సంఖ్యలోని ఒక్కొక్క యింటి సంగతి ఆ యింటివారే వ్రాయవలెను. వారు వ్రాయవలెనన్నచో, వినుటకు సిద్ధపడిన పదిమందిని ముందుగా సమకూర్చుట ఆయా ఊళ్ళలోని తెలుగు సంఘముల ధర్మము.